జీతంలో కోసిన చీర

నాకు అసహ్యం అంత తేలిగ్గా కలగదు. కార్వాన్‌లో బర్రెల కొట్టం పక్కన పుట్టి పెరిగినదాన్ని. బాపు పాలు పిండుతుంటే నేను పెండ ఎత్తి, చేతులు కడుక్కుని, అదే చేతులతో రొట్టె తిని బడికి పోయేదాన్ని. అందుకే ప్లేస్కూల్లో చేరిన మొదటి వారంలో ఆయా రాని రోజు, నిక్కర్లలో చేసుకున్న ఇద్దరు పిల్లల్ని బాత్రూంకు తీసుకుపోయి కడిగి, బట్టలు మార్చి, తల దువ్వి కూర్చోబెట్టాను. పక్క గది టీచరు గుమ్మంలో నిలబడి దుపట్టా ముక్కుకు అడ్డం పెట్టుకుని చూసింది. అప్పుడే డిగ్రీ అయిపోయి వచ్చిన పిల్ల. నీకు వాంతి రావడం లేదా అక్కా అని అడిగింది. పసిపిల్లలది ఏం కంపు, నాలుగు రోజులు పోతే నీకే అలవాటవుతుంది అన్నాను. అలవాటైంది కూడా.

అసహ్యం అంటే ఏమిటో నాకు ఆ స్కూలు నడిపే మేడం నేర్పింది.

స్కూలు పత్తర్‌గట్టి వెనక సందులో, రెండంతస్తుల పాత ఇంట్లో ఉంటుంది. గోడ మీద జిరాఫీ బొమ్మ. కరెంటు మీటరు డబ్బా అడ్డం వచ్చిందని పెయింటరు దాని మెడ వంచేశాడు. లోపల నాలుగు గదులు, ప్రతి గదిలో ఒక ఏసీ, ఒక కెమెరా. ఏసీ అడ్మిషన్లప్పుడు మాత్రమే తిరుగుతుంది. కెమెరా మాత్రం ఏడాదంతా పనిచేస్తుంది, ఎందుకంటే తల్లిదండ్రులు ఇంట్లో కూర్చుని ఫోన్లో పిల్లల్ని చూసుకోవచ్చని మేడం ఫీజులో దానికి వేరే డబ్బు తీసుకుంటుంది. ఆ కెమెరా పుణ్యమా అని తరగతి గదుల్లో టీచర్ల కుర్చీలు ఎత్తేశారు. నేను చేరిన కొత్తలో ఓ తండ్రి, ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల దుకాణం ఆయన, గిరాకీ లేనప్పుడు ఫోను చూస్తూ, టీచరు కూర్చుని ఉంది ఏమిటని మేడంకు ఫోను చేశాడట. మరునాటికి కుర్చీ లేదు. పొద్దున తొమ్మిది నుంచి రెండున్నర దాకా నిలబడాలి, లేదంటే పిల్లలతో పాటు నేల మీద కూర్చోవాలి. మోకాళ్లు అరిగిపోతున్నాయని ఒకసారి అన్నాను. పిల్లలతో నేల మీద కూర్చుంటే బాండింగ్ పెరుగుతుంది టీచర్ అంది మేడం. ఆమె గదిలో మాత్రం చక్రాల కుర్చీ ఉంది, అందులో అటూ ఇటూ ఊగుతూ ఈ మాట అంది.

ఇక జీతం. నెలకు ఏడు వేలు. నా గదిలోని ఒక్క పిల్ల ఏడాది ఫీజు నా మూడు నెలల జీతం కంటే ఎక్కువ. అటువంటి పిల్లలు గది నిండా ఉన్నారు. పైగా ఆ ఏడు వేలు కూడా ఏడాది పొడుగునా రావు. ఏప్రిల్ చివర మేడం జీతం చేతిలో పెట్టి, హ్యాపీ హాలిడేస్ అంటుంది. మే నెలకు ఉండదు. జూన్ మధ్యలో స్కూలు తెరిచి, ఏడ్చే కొత్త పిల్లల్ని మా చంకల్లో వేసి, ఆ సగం నెలను ఓరియెంటేషన్ అంటుంది. దానికీ ఉండదు. ఎవరైనా నోరు తెరిచి అడిగితే ఆమె దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. ఇది ఉద్యోగం కాదు టీచర్, సేవ.

సేవ చేసేది నేను, కొత్త కారు కొనేది ఆమె. పిల్లలు దేవుళ్లు అనేది, ఆ దేవుళ్ల ముక్కులు తుడిచేది మేము, హారతి పళ్లెం మాత్రం ఆమె ముందు తిరిగేది. ఇంటికి వెళ్లి మా ఆయన దగ్గర ఆమెను తిట్టుకునేదాన్ని. ఆయన ఉస్మాన్‌గంజ్‌లో చింతపండు, మిరపకాయల హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. వినీ వినీ, వదిలేయరాదు అనేవాడు. వదిలేస్తే ఆ ఏడు వేలు ఎవరిస్తారో మాత్రం చెప్పేవాడు కాదు.

ఎండాకాలం గడవడానికి ఆయనే ఒక దారి చూపించాడు. దుకాణం నుంచి చింతపండు బస్తాలు ఇంటికి తెచ్చేవాడు. నేనూ మా పాపా కూర్చుని గింజ తీసి, ఈనెలు లాగి, కిలోల లెక్కన తిరిగి పంపేవాళ్లం. మూడు ఎండాకాలాలు ఆ పని చేశాను. పులుపుకు వేళ్ల సందులు పగిలిపోయేవి. అన్నంలో కారం తగిలితే ప్రాణం పోయినంత పనయ్యేది. జూన్‌లో స్కూలు తెరిచాక ఆ పగిలిన వేళ్లతోనే పసిపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని. నా చెయ్యి గీసుకుంటోందని ఒక పిల్ల చెయ్యి లాక్కుంది ఒకసారి.

నాలుగో ఏడు మా పాప పదో తరగతికి వచ్చింది. జూన్‌లో కాలేజీలో చేర్చాలి. మొదటి విడత ఫీజు కట్టనిదే సీటు ఇవ్వమని కాలేజీవాళ్లు ముందే చెప్పారు. మా ఆయన జీతం అద్దెకూ బియ్యానికీ సరిపోయేది. చింతపండు డబ్బుతో కాలేజీ ఫీజు కాదు. ఎండాకాలం జీతం వస్తే అవుతుంది. అంటే పాప చదువు మొత్తం మేడం చెప్పే ఒక్క అవునులో ఉంది. సంక్రాంతి సెలవుల తర్వాత ధైర్యం చేసి వెళ్లి అడిగాను. నిలబడే అడిగాను, ఆ గదిలో ఆమెకు తప్ప ఇంకొకరికి కుర్చీ లేదు కాబట్టి.

మేడం కాదనలేదు. నవ్వింది. "యాన్యువల్ డే బాగా జరగనివ్వండి టీచర్. ఆ రోజు స్టేజీ మీదే మీ అందరి గురించి ఒక మంచి మాట చెప్తాను. మీరే సంతోషపడతారు."

నేను నమ్మాను. పక్క గది టీచరు పిల్ల నమ్మలేదు. "అక్కా, మంచి మాటతోని కిరాయి కడతమా?" అంది. అయినా ఆమె కూడా లోపల ఆశ పెట్టుకుందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ రెండు నెలలూ డాన్సు నేర్పడంలో నాకంటే ఎక్కువ ఆమే చెమటోడ్చింది.

యాన్యువల్ డే అంటే ఆ స్కూల్లో గ్రాడ్యుయేషన్ డే. నాలుగేళ్ల పిల్లలకు నల్ల గౌన్లు తొడిగి, కుచ్చుల టోపీలు పెట్టి, చేతిలో చుట్టిన కాగితం పెట్టి పట్టభద్రుల్ని చేస్తారు. టీచర్లంతా ఒకే రకం చీర కట్టాలి. ఆ చీరలు మేడం స్వయంగా పత్తర్‌గట్టిలో బేరం చేసి తెచ్చింది. వంకాయ రంగు, అంచుకు జరీ గీత. నూలు కాదు, పట్టు కాదు, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకునే రకం. అందరికీ పంచి, ఎంత బాగుందో చూడండి అంది. ఆ నెల జీతం అందుకుంటే ఎనిమిది వందలు తక్కువ. చీరకు కోసుకున్నారు. మా కోసం చీర కొన్నదనుకుని థాంక్స్ కూడా చెప్పి వచ్చాను, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఫంక్షన్ మార్చి చివర, సాయంత్రం, కార్వాన్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో. పక్క గది పిల్ల అంతకుముందు చీర కట్టింది లేదు. బురఖా తీసి మడిచి సంచిలో పెట్టుకుని నా ముందు నిలబడితే, మేకప్ గదిలో నేనే కుచ్చిళ్లు పోసి పిన్నులు పెట్టాను. అద్దంలో చూసుకుని మురిసిపోయింది. ఇద్దరం పిల్లల్ని చెరో చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చాం. వచ్చి ఆగిపోయాం.

హాలు నిండా వంకాయ రంగు చీరలు. నీళ్ల గ్లాసులు పంచే ఆడవాళ్లు, ఎంగిలి పళ్లేలు తీసేవాళ్లు, బాత్రూముల దగ్గర గుడ్డ పట్టుకున్న ఆమె, అందరివీ అవే చీరలు. అదే అంచు, అదే జరీ గీత. ఫంక్షన్ హాలుకు పనివాళ్లను పెట్టే కాంట్రాక్టరమ్మ కూడా పత్తర్‌గట్టిలో అదే దుకాణంలో అదే కట్టలోంచి కొన్నదని తర్వాత తెలిసింది.

ఇక ఆ సాయంత్రమంతా చూడాలి మా అవస్థ. ఒక తాతగారు నా చేతికి ఎంగిలి కప్పు ఇచ్చాడు. ఒకామె పక్క గది పిల్లను పట్టుకుని, మా బాబు వాంతి చేసుకున్నాడు, తొందరగా వచ్చి తుడువు అంది. తుడవడం మాకు కొత్త కాదు కాబట్టి వెళ్లి తుడిచింది. నాకు అవమానం అనిపించలేదు, నిజం చెప్పాలంటే నవ్వొచ్చింది. పనిచేసేవాళ్లు పనిచేసేవాళ్లలా కనిపిస్తే తప్పేముంది. కానీ మేడం ముఖం కందగడ్డ అయింది. హాలు మేనేజరును పిలిచి, ఆ ఆడవాళ్లను వంటశాల వైపు తోలేయమంది. మా పేరెంట్స్ ముందు ఇదేం గలీజు అంది. ఆ మాట అన్నప్పుడు నీళ్ల ట్రే పట్టుకున్న ఒక పెద్దావిడ పక్కనే ఉంది. విని, ట్రే అక్కడే బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నేను కట్టుకున్న చీర వైపు కూడా ఒక చూపు చూసి మరీ వెళ్లింది.

పట్టభద్రులైన పసివాళ్లు స్టేజీ దిగాక మేడం మైకు తీసుకుంది. పక్క గది పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"మా టీచర్లు జీతం కోసం పనిచేయరు," అంది మేడం. "ప్రేమ కోసం పనిచేస్తారు. వీళ్లు మీ పిల్లలకు రెండో అమ్మలు. అమ్మ ఎప్పుడైనా జీతం అడుగుతుందా?"

హాలంతా చప్పట్లు. కొందరు తల్లులు కళ్లు తుడుచుకున్నారు. ఒక్కొక్కరినే పైకి పిలిచి రెండో అమ్మ అని రాసిన ప్లాస్టిక్ షీల్డు చేతిలో పెట్టింది. నా చేతికి ఇస్తూ కెమెరా వైపు చూసి నవ్వింది. అదే మంచి మాట. అదే నా ఎండాకాలం జీతం. అమ్మ అనే మాటను ఎవరైనా అట్లా వాడుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. మా కొట్టంలో పాలు ఇవ్వని బర్రెకు కూడా ఎండాకాలం గడ్డి వేసేవాళ్లం. నాకు నిజంగానే వాంతి వచ్చేటట్టు అయింది. స్టేజీ దిగి ఎవరినీ చూడకుండా చేతులు కడిగే తావుకు పోయాను.

అక్కడ పనిచేసే ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. కాంట్రాక్టరమ్మ, ముక్కుకు పెద్ద బేసరి ఉన్న మనిషి, నడుము సంచిలోంచి డబ్బు తీసి ఆ పూట కూలి ఎవరిది వాళ్ల చేతిలో పెడుతోంది. నేను కుళాయి కింద ముఖం కడుక్కుని తలెత్తేసరికి నా తడి చేతిలో కూడా నోట్లు పెట్టేసింది. ఏడు వందలు. ఒక్క క్షణం ఏం జరిగిందో అర్థం కాలేదు. తర్వాత తిరిగి ఇచ్చేసి, నేను మీ మనిషిని కాను, టీచర్నని చెప్పాను. చేతిలో షీల్డు చూపించాను.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తప్పనుకోకు టీచరమ్మా. చీర చూసి మావోళ్లనుకున్న."

ఏడు వందలు ఒక్క పూటకా అని అడిగాను. ఒక్క పూటకే, తిండి వేరే అంది. పది పెళ్లిళ్లు చేస్తే నా నెల జీతం. చీర గురించి కూడా మాటల్లో వచ్చింది. ఆ కట్టలో ఒక్కోటి ఆమెకు మూడు వందలకు పడ్డదట. మాకు ఎనిమిది వందలు జీతంలో కోశారని చెబితే నమ్మలేదు. "పనికి కట్టే బట్టకు పైసలు కోసుడేంది? మేమైతే ఊరికే ఇస్తం. గిదేం పద్ధతి?" అని, వరసలో ఉన్న మిగతా ఆడవాళ్ల వైపు తిరిగి వాళ్లకు కూడా చెప్పింది. ట్రే వదిలేసి వెళ్లిన పెద్దావిడ నా వైపు ఈసారి వేరేగా చూసింది. జాలిపడింది. నాకు స్టేజీ మీద దొరకనిది అక్కడ దొరికింది.

ఎండాకాలం మొత్తం పెళ్లిళ్లున్నాయట, మనుషులు దొరకడం లేదట. తెలిసినవాళ్లు ఎవరన్నా ఉంటే పంపమంది.

"నేనే వస్త," అన్నాను.

ఆమె షీల్డు వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది. చీర మళ్లీ కొనక్కర్లేదు తియ్యి అంది.

మా ఆయన, నలుగురు చూస్తే ఎట్లా అన్నాడు. ఏడాది పొడుగునా ఊళ్లో వాళ్లంతా నన్ను ఫోన్లలో చూస్తూనే ఉన్నారు కదా, అప్పుడు రాని సిగ్గు ఇప్పుడెందుకు అన్నాను. ఆ ఎండాకాలం ఇంటికి చింతపండు బస్తా రాలేదు, పాప వేళ్లు కూడా పగలలేదు.

పని కష్టమే. కాళ్లు లాగేవి, కానీ స్కూల్లో కూడా లాగేవి కదా. ఇక్కడ వంట అయ్యాక వడ్డన మొదలయ్యేదాకా కూర్చోవడానికి కుర్చీలు ఉండేవి, ఎవరూ ఏమీ అనేవారు కాదు. సాయంత్రం పని అయిపోగానే కూలి చేతిలో పడేది. ఎవరూ సేవ అనేవారు కాదు. మే చివరికి కాలేజీ మొదటి విడత డబ్బు పోగైంది.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం పెళ్లి భోజనాలు. పెళ్లివాళ్లు మా స్కూల్లో చదివే ఒక పిల్ల బంధువులు. ఆ సంగతి నాకు తెలియదు. అన్నం బేసిన్ పట్టుకుని బంతి వెంట వస్తుంటే ఆ పిల్ల నన్ను చూసింది. చూసి, ఎగరలేదు, అరవలేదు. వీపు నిటారుగా పెట్టి కూర్చుని పెదాల మీద వేలు పెట్టుకుంది. నా క్లాసులో అదే నేర్పాను మరి. పక్కన వాళ్లమ్మ నవ్వి, టీచర్ మీరా, ఇక్కడ పనిచేస్తున్నారా అని అడిగింది. ఎండాకాలం జీతం ఉండదమ్మా, అందుకే అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. అంత ఫీజు కడుతున్నాం కదా అంది, నాతోనో తనతోనో. వాళ్లు పిలిస్తే వచ్చి అవతలి విస్తరి ముందు కూర్చున్నది మేడం. అంతా వింది.

చేతులు కడుక్కోవడానికి లేచినట్టు లేచి, నన్ను స్తంభం పక్కకు రమ్మంది. నేను ఇట్లాంటి చోట పనిచేస్తున్నందుకు బాధపడుతుందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో.

"స్కూల్ చీర కట్టుకుని ఇక్కడేంటి టీచర్? పేరెంట్స్ చూస్తే మన పేరు ఏమవుతుంది?" అంది గొంతు తగ్గించి. ఇంకాస్త దగ్గరికి వచ్చింది. అత్తరు గుప్పుమంది. "జూన్ నుంచి ఐదు వందలు పెంచుతాను. ఈ చీర మాత్రం ఇంక బయట కట్టకండి."

నాలుగేళ్లు ముక్కులు తుడిచాను, నిక్కర్లు ఉతికాను, మోకాళ్లు అరగదీసుకున్నాను, దేనికీ పెరగని జీతం చీర దాచిపెడితే పెరుగుతుందట. కొట్టం కడిగిన నీళ్లు నాకెప్పుడూ అసహ్యం అనిపించలేదు. ఆమె మాత్రం అనిపించింది. ఆ నవ్వు, ఆ గుసగుస, ఆ ఐదు వందలు, అన్నీ.

"చీర నాది మేడం," అన్నాను. "పైసలు కోసుకున్నరు గదా."

తిరిగి బంతి దగ్గరికి వెళ్లాను. ఆమె కూడా వచ్చి తన విస్తరి ముందు కూర్చుంది. పప్పు వేయమంది, వేశాను. తిన్నది.

నేను మళ్లీ ఆ స్కూలుకు పోలేదు. జూన్‌లో పాప కాలేజీలో చేరింది. మొన్న పక్క గది పిల్ల ఫోను చేసింది, ఇంకా అక్కడే ఉంది. వాళ్ల నాన్నకు ఒంట్లో బాగుండటం లేదు, వదలలేనంది. ఐదు వందలు పెంచారా అని అడిగాను. ఎవరికీ పెంచలేదట. చీర మాత్రం మార్చారట, ఇప్పుడు చిలకాకుపచ్చ. ఈసారి ఫంక్షన్ హాళ్లవాళ్లు ఎవరూ కొనకుండా మేడం కట్ట మొత్తం తనే కొన్నదట.

డబ్బు ఎవరు పెట్టుకున్నారని అడిగాను.

"ఔర్ కౌన్ అక్కా," అంది ఆ పిల్ల. "మా జీతంలనే కోసిన్రు."